వెండెల్ రివాల్వర్‌కి మెరుగు

తుపాకుల సంతలో అన్నిటికన్నా చవగ్గా దొరికేది అబద్ధం. అమ్మేవాడు ఇది మా తాత వాడిందంటాడు, కొనేవాడు ఇలాంటివి మా ఇంట్లో రెండు పడున్నాయంటాడు. ఇద్దరికీ ఎదుటివాడి సంగతి తెలుసు. అయినా ఆ తంతు జరగందే బేరం మొదలవదు. డెల్బర్ట్ క్రౌచ్ ఆ తంతులో తల పండినవాడు. ఏ టేబుల్ దగ్గరికెళ్ళినా తనకి కావలసిన వస్తువు తప్ప మిగతావన్నీ చేతిలోకి తీసుకుని చూస్తాడు. కావలసినదాని మీద కన్ను ఆననివ్వడు. పక్కదాని ధర అడుగుతాడు, పెదవి విరుస్తాడు, హాలంతా ఓ చుట్టు చుట్టి వస్తాడు. అప్పుడు, పోతూ పోతూ గుర్తొచ్చినట్టు, "అవునూ, ఆ మూలది ఎంతకిస్తావేంటి?" అంటాడు.

ఆ జనవరి శనివారం కూడా ఫెయిర్ మైదానంలో పశువుల షెడ్డు పక్కనున్న హాల్లో టేబుళ్ళు వేశారు. లోపలంతా మాడిన కాఫీ వాసన, తుపాకి నూనె వాసన, మంచుకి తడిసిన ఉన్ని కోట్ల వాసన. డెల్బర్ట్ తిన్నగా రోస్కో టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. రోస్కో పాత రివాల్వర్లు అమ్ముకుని బతుకుతాడు. మనిషి లావు, నోరు అంతకన్నా లావు.

"ఏమయ్యా డెల్, ఇవాళైనా కొంటావా, ఊరికే నా టేబుల్ మీద దుమ్ము దులిపి పోతావా?" అన్నాడు రోస్కో.

"కొనేలాంటివి పెడితే కొంటా."

"పెడితే మాత్రం నువ్వు చూస్తావా? నువ్వు ఏది చూడవో అదే నీకు కావాలని ఈ హాల్లో కుక్కపిల్లక్కూడా తెలుసు."

డెల్బర్ట్ సేకరించేవి ఒక్క బ్రైనార్డ్ రివాల్వర్లే. ఆ ఊళ్ళో ఒకప్పుడు బ్రైనార్డ్ ఫ్యాక్టరీ ఉండేది. అతని తాత అందులో గొట్టాలు చెక్కేవాడు. ఊళ్ళో సగం మంది తాతలు అందులోనే చేశారు. కరువు రోజుల్లో ఫ్యాక్టరీ మూతపడింది. డెల్బర్ట్ కుర్రతనం నుంచి ఒక్కొక్కటే కూడబెట్టి, అది తయారుచేసిన ప్రతి రకమూ సంపాదించాడు. ఒక్కటి తప్ప. మూసేయబోయే ముందు, రాత్రి కాపలావాళ్ళ కోసమని పొట్టి గొట్టంతో కొన్ని చేశారు. వాటిని వాచ్‌మన్ రివాల్వర్లంటారు. అదే లేదు.

తొందరేముంది, దొరికినప్పుడే దొరుకుతుంది అనుకునేవాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు తొందర వచ్చింది. కంటి డాక్టరు మాట నాన్చకుండా చెప్పేశాడు. రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్య పోతోంది, ఆగదు, వచ్చే చలికాలానికి చిన్న అక్షరాలు కనబడవు అని. సేకరించేవాడికి కళ్ళు పోవడమంటే వంటవాడికి నాలుక పోవడమే. ఇకమీద కొనేది ఏదైనా ఒక్కటే కొనాలి. అదే ఆఖరిది. ఆ మాట డెల్బర్ట్ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు కూడా. భార్య నాడీన్ పోయి చాలా కాలమైంది.

రోస్కో టేబుల్ కింద నుంచి ఒక గుడ్డమూట తీసి విప్పాడు. దంతపు పిడి ఉన్న బ్రైనార్డ్. పుట్టిననాటి అట్టపెట్టెతో సహా ఉంది. మూత మీద కాగితం కూడా ఊడలేదు. డెల్బర్ట్ దగ్గర ఆ రకం ఉంది కానీ పెట్టె లేదు. పెట్టెతో దొరకడమంటే మాటలు కాదు. అతను చేతులకి నూలు తొడుగులు వేసుకుని దాన్ని అందుకున్నాడు. తల కాస్త పక్కకి తిప్పి, ఓరచూపుతో చూశాడు. ఇప్పుడు అలా చూస్తేనే ఏమైనా కనిపిస్తోంది. బావుంది. చాలా బావుంది. కొనెయ్యొచ్చు, ఇంటికెళ్ళి కనబడినన్నాళ్ళు చూసుకోవచ్చు. మనసు మాత్రం చలించలేదు. అతను దాన్ని మూటలో పెట్టేశాడు.

"ఇది కూడా వద్దా?" రోస్కో ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "నీ మనసెక్కడుందో నాకు తెలుసులే. వెండెల్ ఇనప్పెట్టెలోని వాచ్‌మన్ మీద ఉంది."

"నాకేం అక్కర్లేదు అది."

"అక్కర్లేదు, అక్కర్లేదు. ముప్పై ఏళ్ళ నుంచీ అదే పాట. ఒరేయ్, అడగందే అమ్మైనా పెట్టదు. వెళ్ళి వాళ్ళావిడ అర్లీన్‌ని అడుగు. ఆవిడ నాలాంటి దొంగ కాదు, నిన్నేం తినేయదు."

"మొగుడు పోయి మూణ్ణెల్లు కాలేదు. ఇప్పుడు వెళ్ళి తుపాకి ఇమ్మంటే బావుంటుందా?"

రోస్కో మూట ముడేశాడు. ఆ మాటలో మర్యాద ఎంతుందో, కావలసింది దాచుకునే జబ్బు ఎంతుందో అతనికి బాగా తెలుసు.

ఆ జబ్బు వల్లే మొదటిసారి పోయింది ఆ రివాల్వర్. ముప్పై ఏళ్ళ కిందట ఒక పొలంలో సామాన్లు వేలం వేస్తున్నారు. తుప్పు పట్టిన తలుపు బందుల పెట్టెలో అడుగున పొట్టి గొట్టం ఒకటి కనిపించింది డెల్బర్ట్‌కి. ఇంకెవరైనా చూస్తారేమోనని దాని మీద బందులు కప్పేసి, తనకేమీ పట్టనట్టు అవతలికెళ్ళి నాగళ్ళు చూస్తూ నిలబడ్డాడు. పాట మొదలయ్యాక కూడా వెంటనే చెయ్యెత్తలేదు. ఎత్తితే ఇందులో ఏదో ఉందని పసిగడతారుగా. ఈలోగా కొట్టం తలుపుకి బందులు కావాలని వచ్చిన వెండెల్ స్టౌఫర్ చెయ్యెత్తాడు, పెట్టె అతనికి పోయింది. సాయంత్రం వెండెల్ ఫోన్ చేసి, "ఒరేయ్ డెల్, బందులు కొంటే తుపాకి వచ్చిందిరా" అని పసిపిల్లాడిలా నవ్వాడు. డెల్బర్ట్ కూడా నవ్వాడు. అది తను ముందే చూశానని ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. ఆ ఒక్క తుపాకితో వెండెల్‌కి కూడా పిచ్చి పట్టుకుని, అతనూ సేకరించడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు తిరిగారిద్దరూ. కడుపులో ముల్లు మాత్రం డెల్బర్ట్ కడుపులోనే ఉండిపోయింది.

వెండెల్ పద్ధతే వేరు. అతనికి తొడుగులూ లేవు, దాపరికమూ లేదు. రేడియోలో బేస్‌బాల్ వింటూ ఆ వాచ్‌మన్ రివాల్వర్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతూ కూర్చునేవాడు. చెమట తగిలి తగిలి, తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో వేసిన నీలిపూత పోయింది. వేలు పడే చోటంతా గోధుమరంగు తేలింది. "ఉప్పు తగిలితే ఇనుం చస్తుందిరా, వెధవా" అని డెల్బర్ట్ తిట్టేవాడు. "చావనీ, నాతోపాటే చస్తుంది" అనేవాడు వెండెల్. నవంబరులో, జింకల వేట మొదలైన వారం, కొట్టంలో గుండె ఆగి వెండెల్ పోయాడు.

ఖననం అయ్యాక ఒకరోజు అర్లీన్ డెల్బర్ట్‌ని పిలిచి ఇనప్పెట్టె తెరిచింది. "నాకు వీటి మంచీ చెడ్డా తెలీదు. నువ్వే చెప్పాలి" అంది. పాతిక దాకా ఉన్నాయి. డెల్బర్ట్ ఒక్కొక్కటే తీశాడు. ఇది మేలైనదన్నాడు, ఇది అరుదన్నాడు, ఇంకోదాన్ని తెగ పొగిడాడు. వాచ్‌మన్ రివాల్వర్ వంతు వచ్చింది. దాన్ని నూనెగుడ్డ మీద అటూ ఇటూ ఒక్కసారి తిప్పాడు. "ఇదా? పర్లేదు. రంగంతా పోయింది పాపం" అని పక్కన పెట్టేశాడు.

ఎందుకలా అన్నాడంటే ఏం చెప్తాం? ఎదురుగా ఉన్నది అమ్మకందారు కాదు, కళ్ళు వాచిపోయేలా ఏడ్చిన మనిషి. ధర పెంచుతుందనా, ఇంకెవరికైనా చెబుతుందనా? ఏమీ లేదు. నాలుక దాని అలవాటు కొద్దీ అది అనేసింది. మనిషి వెనకాల ఉండిపోయాడు.

సంత నుంచి ఉత్త చేతులతో ఇంటికొచ్చాక డెల్బర్ట్‌కి రోస్కో మాటే చెవిలో గింగురుమంది. గోడకున్న అద్దాల బీరువాలో బ్రైనార్డులన్నీ వరసగా ఉన్నాయి. చివర ఖాళీ కొక్కెం ఒకటి. ఎదురుగా నిలబడి తిన్నగా చూస్తే ఆ కొక్కెమే కాదు, దాని చుట్టుపక్కలవి కూడా కనబడటం లేదు, మధ్యలో బూడిదరంగు మచ్చ కూర్చుంది. అప్పటికి బుద్ధొచ్చింది. అడిగేస్తాను, అనుకున్నాడు. అర్లీన్, అది నాకు కావాలి, వెండెల్ చేతిది కాబట్టి కావాలి, నా కళ్ళు పోయేలోపు కావాలి. అంతే, మూడు ముక్కలు. బీరువా ముందు నిలబడి పైకే అనుకున్నాడు. సిగ్గేసింది. మళ్ళీ అనుకున్నాడు.

ఫిబ్రవరిలో అర్లీనే ఫోన్ చేసింది. "ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా డెల్. నీకోసం ఒకటి ఉంచాను" అంది. గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త ప్రాణముంది.

అతను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. అర్లీన్ వంటింట్లో ఆపిల్ పై కోసి ప్లేట్లో పెట్టి, కాఫీ పోసింది. ఇదిగో ఇప్పుడు అనాలి అనుకున్నాడు డెల్బర్ట్.

"అర్లీన్, నేను నిన్నొకటి అడగాలి..."

"ఆగు ముందు. నేను ఇచ్చేది తీసుకున్నాక అడుగు" అని ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి, రిబ్బను కట్టిన చెక్కపెట్టె తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

పెట్టె బరువు తెలియగానే డెల్బర్ట్‌కి అర్థమైపోయింది. అడక్కుండానే ఇస్తోంది అనుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూత తీశాడు.

లోపల ఏదో తళతళా మెరిసింది.

తల పక్కకి తిప్పి చూశాడు. పొట్టి గొట్టం అదే. పిడి అదే, కానీ దానికి కొత్త వార్నిషు. ఒళ్ళంతా నల్లటి నీలం, అద్దంలా ఉంది. పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశారు. అతను తొడుగుల కోసం తడుముకోలేదు. ఉత్తి వేలితోనే గొట్టం మీద కంపెనీ ముద్ర వెతికాడు. గోటికి తగలాల్సిన అక్షరాలు సబ్బుబిళ్ళ మీద అక్షరాల్లా అరిగిపోయాయి. మూలలన్నీ మొద్దుబారాయి. రుద్ది, సానబట్టి, పాత పైపొరంతా లేపేసి కొత్త రంగు వేశారు. సేకరించేవాళ్ళ లోకంలో తుప్పు పట్టినా అసలుదే అసలు. ఒకసారి మెరుగు పెట్టించాక అది ఇక ఇనుపముక్కే.

"ఎలా ఉంది?" అంది అర్లీన్. చేతులు జోడించి గడ్డం కింద పెట్టుకుని ఆశగా చూస్తోంది. "అది నీకే ఇవ్వాలని వెండెల్ ఎప్పుడూ అనేవాడు. నేను పోయాక డెల్‌కి ఇవ్వవే, వాడు నోరు తెరిచి అడగడు అనేవాడు. కానీ మొన్న నువ్వు దాన్ని సరిగ్గా చూడనైనా లేదు. రంగంతా పోయిందన్నావు. నాకెంత బాధేసిందో. మొగుడు ప్రాణంగా చూసుకున్నదాన్ని ఆయన స్నేహితుడికి అలా మాసిన గుడ్డలా ఎలా ఇస్తాను? అందుకని పక్క ఊళ్ళో ఒకతను ఉంటే ఇచ్చి బాగు చేయించాను."

ఒక్క మాట, ఆ రోజు ఒకే ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఇది అలాగే, గోధుమరంగు మచ్చతో సహా, ఊరికే చేతికొచ్చేది. డెల్బర్ట్‌కి లేచి వెళ్ళిపోయి బండిలో కూర్చుని ఏడవాలనిపించింది. ఆవిడ ఇంకా చూస్తోంది.

"చాలా బావుంది అర్లీన్" అన్నాడు. "చాలా చాలా బావుంది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. వెండెల్ పోయాక ఆవిడ అలా నవ్వడం ఇదే మొదలు. "హమ్మయ్య. నీకు నచ్చితే ఇంక భయం లేదు. నీకన్నా తెలిసినవాడెవరు? ఇదిగో, కాసేపట్లో అతనే వస్తున్నాడు. మిగతావన్నీ కూడా పట్టుకెళ్ళమన్నాను. అన్నీ ఇలాగే చేయిస్తే, ఊరి మ్యూజియంవాళ్ళు వెండెల్ పేరు మీద ఒక అల్మరా పెడతామన్నారు. ఆయనవన్నీ మిలమిలా మెరుస్తూ ఉంటాయి."

పక్కగది తలుపు తీసే ఉంది. బల్ల మీద దుప్పటి పరిచి, ఇనప్పెట్టెలోవన్నీ తీసి వరసగా పేర్చి ఉన్నాయి. డెల్బర్ట్‌కి అంత దూరం నుంచి తుపాకులు కనబడలేదు, నల్లటి గీతల్లా ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే వెండెల్ ముప్పై ఏళ్ళూ మట్టిలో కలిసిపోతాయి. చెబితే ఈవిడ...

"వాటిని పంపకు" అన్నాడు.

"ఏం?"

"పంపొద్దు అర్లీన్. అలా రుద్దిస్తే పాడైపోతాయి. పాతరంగు పాతరంగులానే ఉండాలి. గీతలు పడ్డా, అరిగినా, అలాగే ఉంచాలి. మెరుగు పెడితే వాటికి విలువుండదు. ఎవడూ చూడడు."

అర్లీన్ నవ్వింది, అతను వేళాకోళమాడుతున్నాడనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది. పెట్టెకేసి చూసింది.

"అయితే ఇది?"

అతను కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"డెల్. ఇది పాడైందా?"

"ఆఁ."

"ఆ మచ్చ... పిడి పక్కన గోధుమరంగుగా ఉండేది, అదే ముందు తీయించమన్నాను. మురికనుకున్నాను. ఏంటది?"

చెప్పకపోతే బావుండేది. కానీ ఇవాళ నిజం చెప్పాలని ఇంటి దగ్గర బయల్దేరి వచ్చాడు మరి. చేతులు కాలాక పట్టుకునే ఆకులు ఇలాగే ఉంటాయి. "వెండెల్ వేలు పడే చోటు అది" అన్నాడు.

అర్లీన్ కుర్చీలో కూలబడింది. ఏడవలేదు. తన అరచేతులకేసి చూసుకుంటూ కూర్చుంది, అవే రుద్దినట్టు.

"డబ్బిచ్చి మరీ తుడిపించాను" అంది. "ఆయనది ఇంట్లో మిగిలిందంటే అదొక్కటే మిగిలిందేమో. నీకు కావాలని నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట. బావుంది, ఇలాగే ఉంచు అంటే సరిపోయేది."

"కావాలన్నది కావాలని పైకి చెప్పకూడదని... మాకు అలవాటు. చెబితే..."

"ఎవరికి చెబితే? నాకా? నేనేమన్నా సంతలో టేబుల్ వేసుకుని కూర్చున్నానా డెల్? నువ్వు నా వంటింట్లో ముప్పై ఏళ్ళు తిన్నావు. నాతో కూడా బేరమాడావా?"

బయట బండి ఆగిన చప్పుడైంది. అర్లీన్ లేచి, కోటు కూడా వేసుకోకుండా చలిలోకి వెళ్ళింది. కిటికీలోంచి ఆవిడ ఏదో చెప్పడం, ఆ మనిషి టోపీ తీసి తల గోక్కోవడం, తలాడించి బండెక్కడం లీలగా కనిపించాయి డెల్బర్ట్‌కి. మిగతావి దక్కాయి. దానికి సంతోషించాలని అతనికి తెలుసు. సంతోషం రాలేదు.

ఆవిడ తిరిగొచ్చి, చెక్కపెట్టె మూత వేసి, తన వైపు లాక్కుంది.

అప్పుడు అన్నాడు, ఇంటి దగ్గర పదేపదే అనుకున్న మాట. "అది నాకు కావాలి అర్లీన్. ఎలా ఉన్నా సరే. నాకిచ్చెయ్యి."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కోపంగా కాదు. లెక్క తెలియని పిల్లలా చూసింది.

"మొన్న పర్లేదన్నావు. ఇందాక చాలా బావుందన్నావు. తర్వాత పాడైందన్నావు. ఇప్పుడు కావాలంటున్నావు. ఇందులో ఏది నమ్మమంటావు? నా మీద జాలిపడి అంటున్నావో, నిజంగా అంటున్నావో నాకెలా తెలుస్తుంది?"

నిజంగానే అని చెబుదామని డెల్బర్ట్ నోరు తెరిచాడు. చెప్పేముందు లోపల వెతుక్కున్నాడు. ముప్పై ఏళ్ళు నిద్ర పట్టనివ్వని ఆ కోరిక ఎక్కడో ఉండాలి కదా. అది వెండెల్ రుద్దిన రివాల్వర్ మీద పెట్టుకున్నది. ఈ తళతళలాడే వస్తువు మీద అతనికి ఏమీ లేదు. కావాలనీ లేదు, వద్దనీ లేదు. ఇంట్లో ఖాళీ కొక్కేనికి పెట్టుకుందామన్నా, ఆ కొక్కెమే కనబడదు. ఇక కొనవలసింది ఏమీ లేదని, ఏదీ అక్కర్లేదని, ఈసారి అది అబద్ధం కాదని అతనికి తెలిసిపోయింది.

అర్లీన్ ఎదురుచూసింది. నిజంగానే చాలాసేపు ఎదురుచూసింది, అతను ఏదో ఒకటి అంటే నమ్ముదామని. అతను ఏమీ అనలేదు. ఆవిడ పెట్టె తీసుకుని పక్కగదిలోకి వెళ్ళింది. ఒక్కొక్క తుపాకీ ఎత్తి లోపల పెడుతున్న చప్పుడు, ఇనప్పెట్టె తలుపు పడిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి వీధి తలుపు తీసి పట్టుకుంది.

"దారి జారుడుగా ఉంది. చూసుకుని నడుపు" అంది, ఇంటికొచ్చిన ఎవరితోనైనా అన్నట్టు.